కాఫీ ట్రే పట్టుకున్నదెవరు?

జమీందారుగారి హాలు సెట్టు వేశారనుకోండి. మెట్ల మీద ఎర్ర తివాచీ, గోడకి పులి తల, మధ్యలో షాండ్లియరు. పైనించి హీరోయిన్ దిగివస్తోంది. కింద సోఫాలో హీరో. ఈలోగా ఓ మూలనించి ఒక మనిషి ట్రేలో కాఫీ కప్పులు పెట్టుకుని వచ్చి, టీపాయి మీద వుంచి, వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. ఆ మనిషి మొహం మీకు గుర్తుందా?

వుండదు. గుర్తుండకుండానే ఆ షాటు తీస్తారు. లైటు హీరోయిన్ బుగ్గ మీద, ఫోకసు హీరో కళ్ళ మీద. కాఫీ తెచ్చినాయన వంతుకి మిగిలేది ఒక భుజం, ఒక చెయ్యి, ఒక తలపాగా. జమీందారు ఎంత గొప్పవాడో మనకి తెలియాలిగా, అందుకు పెట్టారు ఆయన్ని. సోఫాకీ షాండ్లియరుకీ వున్న పనే ఆయనకీ!

ఇప్పుడో తమాషా చేద్దాం. అదే షాటులో హీరోనీ, హీరోయిన్‌నీ, సోఫానీ చెరిపేసి, వాళ్ళ ఆకారం మాత్రం లీలగా తెలిసేట్టు వుంచి, వున్న లైట్లన్నీ కాఫీ ట్రే పట్టుకున్నాయన మొహం మీద వేస్తే?

సినిమాలో ఇలాంటి పనికి ఏ నిర్మాతా డబ్బు పెట్టడు గానీ, బొమ్మల్లో ఒకావిడ చేసి చూపించింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఆమె వూరు. పేరు బార్బరా వాకర్. 1964లో పుట్టింది. అమ్మానాన్నలు జమైకా నించి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ళు. పెన్సిలూ బొగ్గూ తప్ప ఆవిడ చేతిలో పెద్ద హంగామా ఏమీ లేదు.

"సినిమా పత్రికలో బొమ్మలేసే ఆవిడ గోలేమిటి మాస్టారూ, మా హీరో కొత్త సినిమా ఎంతవరకు వచ్చిందో చెప్పక?" అని మీలో కొందరు విసుక్కుంటున్నారని నాకు తెలుసు. ఆ కబుర్లు వెనక పేజీలో వున్నాయి. ఎక్కడికీ పారిపోవు. ఫ్రేము అంటే ఏమిటో, అందులో ఎవరెక్కడ నిలబడతారో ఎవరు నిర్ణయిస్తారో, ఆ సంగతి సినిమా చూసేవాళ్ళకి కాక ఇంకెవరికి కావాలి? కాబట్టి ఓ పావుగంట కూచోండి.

* * *

లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ అని ఒకటుంది. 1856లో పెట్టారు. బ్రిటన్ చరిత్రలో పేరు మోసినవాళ్ళ మొహాలన్నీ ఒక్క చోట వుండాలని దాని వుద్దేశం. రాజులు, రాణులు, సేనానులు, కవులు, ఈ మధ్య తారలూ ఆటగాళ్ళూ కూడా. పటం గోడకెక్కిందంటే 'వీడూ మావాడే' అని దేశం ఒప్పుకున్నట్టు లెక్క.

అందులో 1682లో పియెర్ మిన్యార్ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన పటం ఒకటి వుంది. బొమ్మలో వున్నావిడ లూయీజ్ ద కెరువాల్, పోర్ట్స్‌మత్ డచెస్. అప్పటి రాజు రెండో చార్లెస్‌కి ప్రియురాలు. తెల్లగా, నాజూగ్గా, పట్టుబట్టల్లో మెరిసిపోతూ కూచుని వుంటుంది. ఆమె చెయ్యి పక్కనున్న ఒక నల్ల పిల్ల భుజం మీద వేసి వుంది. ఆ పిల్ల ముత్యాలు నిండిన ఆల్చిప్పా, ఎర్రని పగడపు కొమ్మా దొరసానికి అందిస్తోంది. పిల్ల మెడలో కూడా ముత్యాల పట్టెడ.

దొరసాని పేరు, బిరుదు, వంశం, రాజుగారితో సంబంధం, కొడుకు పేరు అన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. పిల్ల పేరు ఎక్కడా లేదు.

మరి ఆ పిల్లని బొమ్మలో ఎందుకు పెట్టాడూ అంటే, కాఫీ ట్రే లెక్కే. నల్లటి చర్మం పక్కన వుంటే దొరసాని తెలుపు ఇంకా తెల్లగా కనపడుతుంది. పైగా ముత్యాలూ, పగడాలూ, మనుషులూ అన్నీ సముద్రం అవతలినించి తెప్పించుకోగల స్తోమతు వుందని చూపించినట్టూ అవుతుంది. ఇది నా కవిత్వం కాదు. 1672లో ఇదే చార్లెస్ రాజు రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి పట్టా ఇచ్చాడు. ఆఫ్రికాలో మనుషుల్ని కొని ఓడలకెక్కించి అమ్మడం దాని వ్యాపారాల్లో ముఖ్యమైనది. ఆ కంపెనీకి పెద్ద ఎవరయ్యా అంటే రాజుగారి తమ్ముడే!

మిన్యార్ వేసిన మూడువందల ముప్ఫై తొమ్మిదేళ్ళకి, 2021లో, బార్బరా వాకర్ ఈ పటాన్ని ముందు పెట్టుకుని మళ్ళీ గీసింది. ఎలా గీసిందో చెప్పాలంటే మీ ఇంట్లో వున్న పాత శుభలేఖ ఒకటి తియ్యండి. కొన్నిటి మీద వినాయకుడి బొమ్మ రంగూ సిరా ఏమీ లేకుండా కాగితం మీదే వుబ్బెత్తుగా అచ్చొత్తి వుంటుంది చూడండి. వేలితో తడిమితే తెలుస్తుంది. వెలుతురుకి పక్కగా పట్టుకుంటే కనపడుతుంది. వాకర్ దొరసానిని అలా వొత్తింది. పట్టుబట్టలు, సింగారం, సముద్రం అన్నీ తెల్ల కాగితంలో తెల్లగా వుబ్బి వున్నాయి. వున్నాయి గానీ సిరా లేదు. పిల్లని మాత్రం పెన్సిలుతో, కనురెప్ప దగ్గర్నించీ ముంజేతి దాకా, ఓపిగ్గా నీడలు దిద్దుకుంటూ గీసింది. కాగితం మొత్తం మీద నల్లగా, నిండుగా, మనిషిలా కనపడేది ఆ పిల్ల ఒక్కతే.

ఈ వరస బొమ్మలకి ఆమె 'వానిషింగ్ పాయింట్' అని పేరు పెట్టింది. 2018లో మొదలెట్టింది. డ్రాయింగు మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్ళకి ఆ మాట తెలిసే వుంటుంది. రైలు పట్టాలు దూరంగా పోయి పోయి ఒక్క చుక్కలో కలిసిపోయినట్టు గీస్తాం కదా, ఆ చుక్క పేరది. మాయమైపోయే చోటు అని కూడా దానికర్థం. ఒక్క పేరులో రెండు దెబ్బలు.

ఇదే వరసలో పద్ధెనిమిదో బొమ్మ టిషియన్‌ది. ఇటలీ మహానుభావుడు. 1556 నించి 1559 దాకా వేసిన 'డయానా, ఆక్టియాన్' పటం అది. వేటకొచ్చిన కుర్రాడు పొరపాటున దేవత స్నానం చేసే చోటికి వచ్చిపడతాడు. అందరి కళ్ళూ వాడి మీదా, ఆమె మీదా. కుడి చివర చారల బట్ట కట్టుకుని దేవతకి బట్ట కప్పబోతున్న నల్ల పరిచారికని ఎవరు చూస్తారు? ఈ పటాన్ని 2009లో లండన్, ఎడింబరా గ్యాలరీలు కలిసి 5 కోట్ల పౌన్లు పెట్టి కొన్నాయి. వాకర్ కాగితం మీద దేవతా కుర్రాడూ ఇద్దరూ శుభలేఖ వినాయకుడిలా తెల్లబోయారు. చారల బట్ట కట్టినామె మాత్రం వుంది.

నాకు ఈ పనిలో నచ్చింది ఆవిడ మర్యాద. దొరసానిని బొమ్మలోంచి గెంటెయ్యలేదు. పటాన్ని చింపెయ్యలేదు. మిన్యార్‌ని తిట్టలేదు. లైటు తిప్పింది, అంతే! నల్లవాళ్ళని గుర్రం మీద కూచోబెట్టి, సింహాసనం ఎక్కించి, రాజుల భంగిమల్లో వేసే చిత్రకారులు వున్నారు. ఆ బొమ్మలు కళ్ళకి పండగ, కాదనను. కానీ అది అదే కథలో హీరో పాత్రకి వేరే నటుణ్ణి పెట్టినట్టుంటుంది. కథ మారదు. ఇంకెవరో వచ్చి కాఫీ ట్రే పట్టుకోవాల్సిందే. వాకర్ ఆ ట్రే దగ్గరే ఆగిపోయింది.

* * *

సినిమా సంగతి రాకపోతే మీరు వూరుకోరు కాబట్టి ఒకటి చెబుతాను. 'బెల్' అనే ఇంగ్లీషు సినిమా 2013లో తీశారు. దర్శకురాలు అమ్మా అసాంటే. హీరోయిన్ గుగూ ఎంబాతా-రా. అది ఒక పటంలోంచి పుట్టిన సినిమా. స్కాట్లాండులో స్కోన్ ప్యాలెస్ అనే కోటలో వున్న ఆ పటంలో ఇద్దరమ్మాయిలు వుంటారు. ఒకామె తెల్లది, ఎలిజబెత్ మర్రే. రెండో ఆమె నల్లది, డైడో బెల్. తల మీద ఈక పెట్టిన పాగా, చేతిలో పళ్ళు, పరుగెత్తుతున్నట్టున్న నడక. చూసినవాళ్ళు పనిపిల్లేమో అనుకునేవారు. కానీ కాదు! ఇద్దరూ అక్కచెల్లెళ్ళ వరస. మాన్స్‌ఫీల్డ్ ప్రభువు ఇంట కలిసి పెరిగినవాళ్ళు. డైడో తండ్రి ఇంగ్లీషు నౌకాదళం అధికారి, తల్లి ఆఫ్రికా బానిస. ఆ మాన్స్‌ఫీల్డ్ ఎవరో కాదు, ఇంగ్లండు గడ్డ మీద వున్న బానిసని బలవంతాన ఓడెక్కించి పంపడానికి వీల్లేదని 1772లో తీర్పు చెప్పిన జడ్జి. ఇంత కథ ఒక్క పటం వెనక! పటాన్ని సరిగ్గా చూడటం వస్తే ఎన్ని సినిమా కథలు దొరుకుతాయో మన కథారచయితలు గమనిస్తే బాగుండును.

మన దగ్గరా ఒకటుంది. హైదరాబాదు కోఠీలో ఉమెన్స్ కాలేజీగా పేరుపడ్డ భవనం చూశారుగా, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాన్ని కట్టించిన జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్ హైదరాబాదు అమ్మాయి ఖైరున్నిసాని పెళ్ళాడాడు. ఇద్దరు పిల్లలు. 1805లో ఆ పిల్లలిద్దర్నీ ఇంగ్లండు పంపేముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు వాళ్ళ బొమ్మ వేశాడు. హైదరాబాదు దుస్తుల్లో, ముత్యాలు వేసుకుని, అన్నా చెల్లెలూ నిలబడి వుంటారు. బొమ్మ బ్రహ్మాండంగా వుంటుంది. అందులో అమ్మ లేదు. పిల్లల్ని ఆవిడ మళ్ళీ చూడలేదు కూడా. ఫ్రేములో మూలకి నెట్టడం ఒక రకం, ఫ్రేము బయటే వుంచడం ఇంకో రకం.

* * *

సరే, వాకర్ దగ్గరికి వద్దాం. ఈవిడ హఠాత్తుగా పాత పటాల మీద పడలేదు. బర్మింగ్‌హామ్‌లోనే కాలేజీలో చిత్రకళ చదువుకుంది. మొదట్లో వేసినవి తన చుట్టుపక్కల మనుషుల బొమ్మలు. మంగలి షాపులో జుట్టు కత్తిరించుకుంటున్న కుర్రాళ్ళు, ఆదివారం చర్చికి టోపీలు పెట్టుకుని వచ్చిన పెద్దమ్మలు, కబుర్లు చెప్పుకుంటున్న ముసలాళ్ళు. కొట్లాటల్లేవు, నినాదాల్లేవు. పేపర్లలో నల్లవాళ్ళ పేట అనగానే దొమ్మీ ఫోటోలే వేసే దేశంలో, జుట్టు కత్తిరించుకుంటున్న మనిషి బొమ్మ కూడా ఒక మాట చెప్పినట్టే!

తర్వాత జరిగింది ఇంట్లో సంగతి. ఆమె కొడుకు ఎదిగొచ్చాడు. వీధిలో నడుస్తుంటే పోలీసులు ఆపడం, జేబులు తడమడం, పంపెయ్యడం. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఆపిన ప్రతిసారీ ఒక చీటీ ఇచ్చేవారు. బ్రిటన్‌లో అప్పటి పద్ధతి అది. ఏ టైములో, ఏ వీధిలో, ఎందుకు ఆపాం, ఏం బట్టలేసుకున్నాడు, ఏ జాతివాడు అన్నీ ఆ చీటీ మీద రాసి వుండేవి. ఏం దొరికిందో రాసే గడి కూడా వుండేది. ఆపేదేమో మళ్ళీ మళ్ళీ ఆపుతూనే వున్నారు.

మనలో ఏ తల్లి అయినా ఏం చేస్తుంది? ఏడుస్తుంది. కొడుకుని బయటికి పోవద్దంటుంది. ఎవరో పెద్దమనిషి కాళ్ళు పట్టుకుంటుంది. ఈ తల్లి చీటీలన్నీ దాచింది. వాటిని పెద్దవి చేయించి, ఆ పోలీసు అక్షరాల మీదే కొడుకు మొహం గీసింది. కొన్నిటి మీద అతన్ని ఆపిన వీధులూ, ఇళ్ళూ గీసింది. 2006 ప్రాంతాల్లో మొదలైన ఆ వరసకి 'లౌడర్ దేన్ వర్డ్స్' అని పేరు. మాటలకన్నా గట్టిగా అని.

ఒక్కసారి ఆలోచించండి. చీటీలో అతను ఒక ఎత్తు, ఒక రంగు, ఒక అనుమానం. అమ్మ గీసిన దాంట్లో ఒక మొహం. రెండూ ఒకే కాగితం మీద. చూసేవాడు అక్షరాలు చదవాలంటే మొహం అడ్డొస్తుంది, మొహం చూడాలంటే అక్షరాలు అడ్డొస్తాయి. కోర్టు సీనులో లాయరు పది నిమిషాలు డైలాగు చెప్పినా రానిది ఈ అడ్డంలో వచ్చింది. నన్నడిగితే వాకర్ బొమ్మలన్నిట్లోకీ ఇవే గొప్పవి. పాత పటాల మీద చేసినవి తెలివైనవి, ఇవి కడుపులోంచి వచ్చినవి.

మధ్యలో సైనికుల బొమ్మల వరస కూడా ఒకటి చేసింది. బ్రిటన్ తరఫున యుద్ధాల్లో పనిచేసిన నల్ల సైనికులు అందులో వస్తువు. 1915లో బ్రిటిష్ వెస్టిండీస్ రెజిమెంటు అని పెట్టి, కుర్రాళ్ళని సముద్రాలు దాటించి తీసుకెళ్ళి, ఎక్కువమంది చేత మందుగుండు మోయించి, కందకాలు తవ్వించారు. యుద్ధం అయిపోయాక ఇటలీలో టరాంటో దగ్గర తెల్ల సైనికుల బట్టలు వుతకమంటే, దొడ్లు కడగమంటే, 1918 డిసెంబరులో తిరగబడ్డారు. ఇలాంటివి బడి పుస్తకాల్లో కనపడవు.

* * *

అసలు పెద్ద కథ ఇక్కడుంది.

1948 జూన్ 22న ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడలోంచి వందలమంది వెస్టిండీస్ వాళ్ళు లండన్ దగ్గర టిల్బరీ రేవులో దిగారు. యుద్ధంలో దెబ్బతిన్న దేశానికి పనివాళ్ళు కావాలి. రండి, మీరూ మా పౌరులే అని చట్టం చేశారు. వచ్చారు. బస్సులు నడిపారు, ఆస్పత్రుల్లో నర్సులుగా చేశారు, పిల్లల్ని తెచ్చుకున్నారు. ఆ పిల్లలు తల్లిదండ్రుల పాస్‌పోర్టుల మీద వచ్చినవాళ్ళు. 1973లో కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు, ఇక్కడున్నవాళ్ళు ఇక్కడే వుండొచ్చు అన్నారు గానీ, ఎవరెవరు వున్నారో పద్దు రాసుకోలేదు, చేతికి కాగితం ఇవ్వలేదు.

నలభై ఏళ్ళు గడిచాయి. 2012లో ప్రభుత్వం దొంగతనంగా వచ్చినవాళ్ళని బెంబేలెత్తించే విధానం ఒకటి పెట్టింది. వుద్యోగానికి కాగితం, ఇల్లు అద్దెకి కాగితం, వైద్యానికి కాగితం. విండ్‌రష్ పిల్లలు అప్పటికి ముసలివాళ్ళు. 'ఇక్కడున్న ప్రతి ఏడాదికీ ఋజువు తెండి' అన్నారు. ఎక్కణ్ణించి తెస్తారు? వాళ్ళు వోడ దిగిన రోజున రాసిన పాత చీట్లు హోం శాఖ దగ్గరే వుండేవి, వాటిని 2010లో ఆ శాఖే నాశనం చేసేసింది! సినిమాలో రాస్తే 'మరీ అతి' అంటాం.

పాలెట్ విల్సన్ అనే ఆవిడ కథ ఒక్కటి చాలు. 1968లో చిన్నపిల్లగా జమైకా నించి వచ్చింది. నిర్బంధంలో పెట్టేనాటి దాకా ఒక్కసారీ వెనక్కి పోలేదు. వంటమనిషిగా పనిచేసింది. అందులోనూ ఎక్కడనుకున్నారు, బ్రిటిష్ పార్లమెంటు క్యాంటీన్లో కూడా! అలాంటి మనిషిని 2017లో పట్టుకుపోయి నిర్బంధ కేంద్రంలో పెట్టారు. జమైకా పంపడానికి విమానాశ్రయం దాకా తీసుకెళ్ళారు. వూళ్ళో సేవా సంస్థా, అక్కడి ఎం.పీ. అడ్డుపడబట్టి ఆగింది. 2018లో సంగతంతా బయటపడి, పెద్ద గొడవై, ప్రధానమంత్రి క్షమాపణ చెప్పింది, హోం మంత్రి రాజీనామా చేసింది. అప్పటికే 80 మందికి పైగా తప్పుగా దేశం దాటించబడ్డారు. తనలాంటి వాళ్ళకోసం తిరిగి తిరిగి, పాలెట్ విల్సన్ 2020లో 64వ ఏట కన్నుమూసింది.

వాకర్ ఇలాంటి బాధితుల్ని కలుసుకుంది, వాళ్ళ బొమ్మలు గీసింది. మళ్ళీ అదే పద్ధతి. ముందు వాళ్ళ కాగితాల్ని తన చేత్తో అక్షరం అక్షరం అచ్చు గుద్దినట్టు రాసింది. స్టాంపులు, సంతకాలు, గుర్తింపు కార్డులు, హోం శాఖ వుత్తరాలు. వాటి మీద ఆ మనుషుల మొహాలు. పేరు 'బర్డెన్ ఆఫ్ ప్రూఫ్'. ఋజువు చేసుకునే బరువు అన్నమాట. కోర్టు సినిమాలు చూసిన మనకి ఆ మాట కొత్త కాదు. ఆ బరువు నేరం మోపేవాడి మీద వుండాలని కూడా మనకి తెలుసు. ఇక్కడ తిరగబడింది.

ఈ బొమ్మలు మొదట 2023లో షార్జాలో జరిగిన పెద్ద కళాప్రదర్శనలో పెట్టారు. షార్జా అంటే మనకి క్రికెట్టు గుర్తొస్తుంది. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమల్లో చాలా ఇళ్ళకి ఇంకోటి కూడా గుర్తొస్తుంది. వీసా కాగితమూ, యజమాని చేతిలో చిక్కిన పాస్‌పోర్టూ. ఆ గోడల ముందు మనవాడెవడైనా నిలబడి వుంటే వేరే వివరణ అక్కర్లేకుండానే అర్థమై వుంటుంది.

ఆ ప్రదర్శనకే ఆమె పేరు టర్నర్ బహుమతికి వెళ్ళింది. బొమ్మలకీ శిల్పాలకీ సంబంధించి బ్రిటన్‌లో అది ఆస్కారులాంటిది, 1984 నించీ ఇస్తున్నారు. ఆ ఏడాది ఈస్ట్‌బోర్న్ అనే సముద్రపు వూళ్ళో టౌనర్ గ్యాలరీలో నలుగురి పనులూ పెట్టారు. వాకర్ అక్కడ నేరుగా గోడ మీదే బొగ్గుతో గీసింది. నేల నించి పైదాకా, నిచ్చెనలెక్కి, మనిషికన్నా ఎన్నో రెట్లు పెద్ద మొహాలు. వందరూపాయల నోటు మీద, స్టాంపు మీద, విగ్రహం మీద గొప్పవాళ్ళ మొహాలు చూస్తాం. వంటచేసి, బస్సు నడిపి బతికిన మనుషుల మొహాలు అంత పెద్దగా ఎప్పుడు చూశాం?

2023 డిసెంబరు 5న బహుమతి ప్రకటించారు. జెస్సీ డార్లింగ్ అనే కళాకారుడికి వచ్చింది. ఆయనకి 25 వేల పౌన్లు, మిగతా ముగ్గురికీ తలా 10 వేలు. మన వాకర్‌కి రాలేదు.

ప్రదర్శన ముగిశాక ఆ గోడల మీది మొహాల్ని తుడిచేస్తారు. అవును, కడిగేస్తారు! గోడ మీద గీసిన బొమ్మలన్నిటికీ ఆవిడ పద్ధతి అది. 2019లో మార్గేట్ అనే వూళ్ళో, అక్కడ వుండే నల్లజాతి స్త్రీల బొమ్మలు గ్యాలరీ గోడ మీద గీసినప్పుడూ ఇంతే. తుడవడం కూడా బొమ్మలో భాగమే అంటుంది. సినిమా మారితే హోర్డింగు మీద పాత హీరోకి రంగు పూసి కొత్త హీరోని వేసిన రోజులు మన సీనియర్లకి గుర్తే. నిలువెత్తు కటౌటుకి పాలాభిషేకం జరిగిన చోట, నెల తిరిగేసరికి ఖాళీ కర్రలు మిగిలేవి. కానీ ఆ హీరో మళ్ళీ ఇంకో సినిమాతో వస్తాడు. ఇక్కడ తుడిచేసినది ఒకసారి నిజంగానే రికార్డుల్లోంచి తుడిచేయబడ్డ మనిషిని. చూస్తుండగానే రెండోసారి మాయమవుతారు. నీళ్ళతో కారుతున్న నల్లటి చారలు వూహించుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

* * *

ఈవిడ ఒక్కతే అని చెబితే అన్యాయం. 1982లో వుల్వర్‌హాంప్టన్‌లో నల్లజాతి చిత్రకారులంతా ఒక సమావేశం పెట్టుకున్నారు. అప్పటికి కుర్రకారు. వాళ్ళలో ఒకామె క్లాడెట్ జాన్సన్, మాంచెస్టర్‌లో 1959లో పుట్టింది. నిలువెత్తు కాగితాల మీద నల్ల స్త్రీలని గీస్తుంది, కాగితం అంచు చాలక తలో చెయ్యో బయటికి పోతుంది. నలభై రెండేళ్ళ తర్వాత, 2024లో, టర్నర్ పోటీకి ఆమె పేరు వచ్చింది. ఆ గుంపుకి దగ్గరైన లుబైనా హిమిద్ 2017లో ఆ బహుమతి గెలిచింది. నల్ల స్త్రీకి అదే మొదటిసారి. లినెట్ యాడమ్-బోచే అని ఇంకొకామె వుంది, ఎవర్నీ ఎదురుగా కూచోబెట్టుకోకుండా వూహలోంచే మనుషుల పటాలు వేస్తుంది. కథ రాయకుండా పాత్రలు సృష్టించినట్టు. అన్నట్టు, 1999లో టర్నర్ గెలిచిన స్టీవ్ మెక్వీన్ ఎవరనుకున్నారు? '12 ఇయర్స్ ఎ స్లేవ్' తీసి 2014లో ఆస్కారు కొట్టిన దర్శకుడే! 2020లో ఆయన లండన్ వెస్టిండీస్ వాళ్ళ బతుకుల మీద 'స్మాల్ యాక్స్' అని అయిదు సినిమాలు వరసగా తీశాడు. చూడనివాళ్ళు వెతికి చూడండి.

ఒక చేదుమాట కూడా చెప్పాలి. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపాక, బ్రిస్టల్‌లో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పీకి నీళ్ళలో పడేశాక, గ్యాలరీలకి హఠాత్తుగా నల్ల చిత్రకారులు గుర్తొచ్చారు. ఒక్కసారిగా నల్ల మొహాల పటాలకి గిరాకీ. మంచిదే. కానీ గిరాకీ అనేది సంక్రాంతి సీజను లాంటిది. ఒక సినిమా ఆడితే అలాంటివే పది తీసి, పదకొండోది పోగానే 'ఆ ట్రెండు అయిపోయిందండీ' అంటారు. వాకర్ చీటీల మీద కొడుకుని గీసినప్పుడు ఏ గిరాకీ లేదు.

చామనఛాయ అమ్మాయిని చెలికత్తెకీ, తెల్లమ్మాయిని హీరోయిన్‌కీ పెట్టి, ఆ పైన పౌడరు కూడా దట్టించే మన పరిశ్రమ గురించి ఇక్కడ వేరే రాయక్కర్లేదు. మీ వుత్తరాల్లో ఆ సంగతి నాకన్నా మీరే బాగా రాస్తుంటారు.

2024 ఫిబ్రవరి నించి మే దాకా లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో 22 మంది కళాకారుల ప్రదర్శన ఒకటి జరిగింది. నల్లజాతి మనిషి రూపాన్ని ఎలా చూపిస్తున్నారు అనేది విషయం. వాకర్ గీసిన ముత్యాల పిల్ల అందులో వుంది. అసలు మిన్యార్ పటం ఆ గ్యాలరీదే కదా! అంటే మూడువందల ఏళ్ళనాటి పిల్లా, పెన్సిలు పిల్లా ఒకే కప్పు కిందికి వచ్చారన్నమాట. లండన్‌లో మీ అన్నయ్యో, పిన్ని కూతురో చదువుకుంటుంటే ఒకసారి వెళ్ళిరమ్మనండి. శాశ్వత పటాలు చూడ్డానికి టిక్కెట్టు లేదు. మిన్యార్ పటం గోడ మీద వున్న రోజైతే దాని ముందు నిలబడి, మొదట ఎవరి మొహం చూశారో నిజం చెప్పమనండి. ఆ జవాబు పోస్టుకార్డు మీద ఈ శీర్షికకి రాసి పంపండి.